‘మామూలుగా’: అమల్ నుంచి అడవి నాకా దాకా

మొన్న ఇషా నమాజ్ తర్వాత మా బేటీ హోంవర్క్ ముందేసుకుని కూర్చుంది. ఒక పక్క ఇంగ్లీష్ మాటలు, ఎదురుగా వాటి తెలుగు మానే రాయాలి. ‘యూజువల్లీ’ దగ్గర ఆగింది. “మామూలుగా అని రాయి” అన్నాను. రాసింది. రెండు నిమిషాలు పెన్సిల్ కొరుకుతూ కూర్చుని అడిగింది: “అబ్బా, చిచ్చా నిన్న ఫోన్లో ‘నాకా దగ్గర మామూలు ఇచ్చేసి వచ్చా’ అన్నాడు కదా. ఆ మామూలూ ఈ మామూలూ ఒకటేనా?”

మా తమ్ముడు లారీ నడుపుతాడు. అడవి రోడ్ల మీద కర్ర లోడు తీసుకుని తిరుగుతాడు. వాడు ఆ మాట అన్నప్పుడు ఇంట్లో ఎవరమూ తలెత్తి చూడలేదు. వింటూ వింటూ అలవాటైన మాట. పదకొండేళ్ల పిల్ల చెవికి మాత్రం అది గుచ్చుకుంది. “ఒకటే బేటా” అందామని నోటిదాకా వచ్చింది, కానీ అనలేకపోయాను. ఒక లఫ్జ్ ఇంగ్లీష్ నోట్‌బుక్‌లో అంత అమాయకంగానూ, నాకా దగ్గర అంత సిగ్గుచేటుగానూ ఎలా ఉంటుంది? ఈ సవాల్‌కు జవాబు వెతుకుతూ పోతే అది మన జుబాన్ తారీఖ్ నుంచి మన అడవి తారీఖ్‌లోకి తీసుకెళ్లింది.

ముందు లఫ్జ్ సంగతి. మామూల్ అరబీ మాట. దాని జడ్, అంటే వేరు, మూడు హర్ఫ్‌లు: ఐన్, మీమ్, లామ్. అ-మ-ల. చేయడం, పని అని మానే. మన ఇళ్లలో రోజూ వినే ‘అమల్’ ఇదే. నేక్ అమల్, బురా అమల్ అంటాం. ఈ వేరుకు పూసిన కొమ్మలు తెలుగులో ఎన్ని ఉన్నాయో చూడండి. చట్టం ‘అమలు’ చేశారంటాం. సమన్లు ‘తామీలు’ అయ్యాయని కోర్టు మాట. ‘ఇస్తెమాల్’ చేయడం మన ఇళ్లలో వాడుక. మొఘల్ కాలంలో శిస్తు వసూలు చేసే అధికారి పేరు ‘ఆమిల్’, అంటే అమల్ చేసేవాడు.

అరబీలో ‘మఫ్ఊల్’ అనే ఒక సాంచా, అంటే అచ్చు, ఉంది. ఏ వేరునైనా అందులో పోస్తే ‘చేయబడినది’ అనే అర్థం వస్తుంది. జుల్మ్ జరిగినవాడు మజ్లూమ్. నజర్‌కు వచ్చి ఒప్పుకోబడినది మంజూర్, తెలుగులో ‘మంజూరు’. హాసిల్ అయినది మహ్‌సూల్, పాత రెవెన్యూ తెలుగులో ‘మహసూలు’. జబ్త్‌తో బిగించినది మజ్‌బూత్. అదే అచ్చులో అమల్ పోస్తే మామూల్ వచ్చింది: చేయబడినది, అమల్‌లో ఉన్నది, నడుస్తూ వస్తున్నది. మధ్యలో ఉన్న ఐన్ గొంతు లోపలి నుంచి వచ్చే హర్ఫ్. ఉర్దూ దాన్ని పలకలేక ముందున్న ‘మ’ను సాగదీసి ‘మా’ చేసింది. తెలుగు తన పద్ధతిలో చివర ‘ఉ’ తగిలించింది. అలా మామూలు తయారైంది.

మదర్సాలో నహ్వ్ చదివినవాళ్లకు ఇంకో సంగతి గుర్తుంటుంది. అరబీ వ్యాకరణంలో ఒక మాట ఇంకో మాట చివరి హరకత్‌ను మారుస్తుంది. మార్చే మాట ఆమిల్, దానికి లోబడే మాట మామూల్. ఈ ఆమిల్, మామూల్ జోడీని గుర్తుపెట్టుకోండి, అడవిలో మళ్లీ ఎదురవుతుంది.

ఇప్పుడు ఇంగ్లీష్ వైపు చూద్దాం. యూజువల్లీ అసలు లాటిన్ ‘ఊసుస్’ నుంచి వచ్చింది. ఊసుస్ అంటే వాడకం, ఉపయోగం. లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగా ‘యూజువల్’ ఇంగ్లీష్‌లో చేరింది. ఆ తర్వాత చివర ‘లీ’ తగిలి క్రియకు ముందు నిలబడే మాటైంది. ఆ ‘లీ’ కూడా ఒకప్పుడు పూర్తి మాటే. పాత ఇంగ్లీష్‌లో ‘లీచ్’ అంటే ఒళ్లు, ఆకారం. ‘ఫలానా ఆకారంలో’ అన్నది అరిగి అరిగి ‘లీ’ అయింది.

తెలుగు చేసిందీ అదే. మామూలు పక్కన ‘గా’ పెట్టింది. ఈ ‘గా’ కూడా ఒకప్పటి పూర్తి క్రియ. అగు, అవు అనే క్రియ నుంచి ‘కాగా’, దాని నుంచి అరిగిన ‘గా’. ఈ చిన్న అక్షరం మన జుబాన్ నుంచి తెలుగులోకి ఎన్ని మాటల్ని దాటించిందో లెక్కపెట్టలేం. జోర్ నుంచి జోరుగా, తాజా నుంచి తాజాగా, హోషియార్ నుంచి హుషారుగా, ఖాలీ నుంచి ఖాళీగా, సాఫ్ నుంచి సాఫుగా, ముఖ్తసర్ నుంచి ముక్తసరిగా. కొన్నిటికి ‘గా’ కూడా అక్కర్లేకపోయింది. ఫార్సీ రోజ్ వచ్చి ‘రోజూ’ అయింది. అరబీ అస్ల్ వచ్చి ‘అసలు’ అయింది. ఆఖిర్ వచ్చి ‘ఆఖరికి’ అయింది. తెలుగు మాట్లాడేవాడు ఉర్దూ రాదంటూనే రోజుకు ఎన్నిసార్లు వీటిని పలుకుతాడో తనకే తెలియదు.

అచ్చ తెలుగులో మామూలుకు దగ్గరి మాట ‘వాడుక’. వాడు అనే క్రియ నుంచి వాడుక. వాడకం అనీ, రివాజు అనీ రెండు అర్థాలూ దానికి ఉన్నాయి. లాటిన్‌లో వాడటం అనే మాటే అలవాటును చెప్పేదైంది. అరబీలో చేయడం అనే మాట అదే పని చేసింది. తెలుగులోనూ వాడటం నుంచే వాడుక వచ్చింది. మూడు జుబాన్లూ ఒకదాన్నొకటి అడక్కుండానే ఒకే దారిలో నడిచాయి. మనిషి ఎక్కడున్నా, పదే పదే చేసినది కొన్నాళ్లకు అతని కంటికి సహజంగా కనిపిస్తుంది. ఈ మాటకు ఉన్న బలం అదే, ప్రమాదం కూడా అదే.

ఈ లఫ్జ్ మన వైపు ఎలా వచ్చింది? గోల్కొండ కుతుబ్‌షాహీల దఫ్తర్‌లో ఫార్సీ నడిచేది. ఫర్మానాలు మాత్రం ఫార్సీతో పాటు తెలుగులోనూ రాయించేవారు. ఒకే కాగజ్ మీద రెండు జుబాన్లు పక్కపక్కన కూర్చుంటే మాటలు అటూ ఇటూ దాటకుండా ఉంటాయా? ఇంకో అజీబ్ సంగతి చూడండి. తెలుగులో సంస్కృతం కలపకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యంగా పేరున్న యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది గోల్కొండ రాజ్యంలోని ఒక ముస్లిం అమీర్‌కు, అమీన్ ఖాన్‌కు. ఆ రాజ్యంలోనే అచ్చ తెలుగుకు ఆదరణ దొరికింది, ఆ రాజ్యంలోనే దఫ్తర్ తెలుగు ఫార్సీతో కలిసిపోయింది.

మన భద్రాచలం కథనే తీసుకోండి. కంచెర్ల గోపన్న ఎవరు? పాల్వంచ పరగణా ‘తహసీల్దారు’. తహసీల్ అంటే హాసిల్ చేయడం, రాబట్టడం. ఆయన చేసిన పని ‘వసూలు’. ఆ సొమ్ము చేరాల్సింది ‘ఖజానా’కు. చేరకుండా గుడికి ఖర్చయిందని పడింది ‘ఖైదు’. అబుల్ హసన్ తానీషా 1672 నుంచి 1687 వరకు గోల్కొండ ఏలాడు. ఆయన కాలపు ఈ భక్తుడి కథను దఫ్తర్ మాటల్లేకుండా తెలుగులో చెప్పడం ఎవరి వల్లా కాదు. తానీషా నుంచి వస్తున్నదని చెప్పుకునే రివాజు ప్రకారం నేటికీ శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. రాజ్యాలు మారాయి, సర్కార్లు మారాయి. ఆ అమల్ మాత్రం నడుస్తూనే ఉంది. మామూల్ అనే మాటకు మంచి మానే ఏమిటని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయింది. 1724 నుంచి ఆసఫ్‌జాహీల పాలన. ఏలినవాళ్లు మారినా దఫ్తర్ మాటలు మారలేదు. కోస్తా వైపు సర్కార్లు 18వ సదీలో కంపెనీ చేతికి వెళ్లినప్పుడు అక్కడా అంతే. ఇంగ్లీష్ దొరలు జమాబందీ, ఫస్లీ, తహసీల్దారు, మామూల్ అన్నీ ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నారు. మద్రాసు ఇలాఖా రెవెన్యూ లెక్కల్లో పాత కాలం నుంచీ తడి పారుతున్న భూమికి ‘మామూల్ వెట్’ అని పేరు. ముందు నుంచీ నడుస్తున్నది కాబట్టి దానికో ఇజ్జత్, ఒక హక్. సి.పి. బ్రౌన్ తెలుగులోని అన్యదేశ్యాల కోసం 1854లో ఒక నిఘంటువునే విడిగా అచ్చు వేశాడు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 1886లో అచ్చు వేసిన హాబ్సన్-జాబ్సన్ కోశంలోనూ మామూల్ చేరింది.

గోదావరి రెండు ఒడ్లను గుర్తు చేసుకోండి. ఇటు బూర్గంపాడు, పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం నిజాం ఇలాఖా. అటు భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు. ఆ ఒడ్డు కూడా 1860 దాకా నిజాందే. ఆ ఏడు ఒప్పందంలో ఇంగ్లీష్ వాళ్లకు వెళ్లి, ఎగువ గోదావరి జిల్లాగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1874లో భద్రాచలం తాలూకా మద్రాసు ఇలాఖా గోదావరి జిల్లాకు మారింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది. నూట యాభై ఏళ్లలో ఒకే అడవికి ఎందరు మాలిక్‌లు! 1965లో వారధి తెరిచేదాకా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవే దిక్కు. అయినా రెండు ఒడ్ల మీదా ఒక మాట మాత్రం ఒకేలా నడిచింది, అది మామూల్. ఇటు ఉర్దూ దఫ్తర్, అటు ఇంగ్లీష్ దఫ్తర్. అడవిలో బతికేవాడికి రెండూ ఒకే మాట వినిపించాయి.

ఇక్కడి నుంచి కథ చేదెక్కుతుంది.

అడవిలో అసలు మామూల్ ఎవరిది? కోయలు, కొండరెడ్లు తరతరాలుగా పోడు కొట్టుకున్నారు. ఒక తావు నరికి, కాల్చి, రెండు మూడేళ్లు జొన్నో సామో పండించి, ఆ నేలకు ఆరామ్ ఇచ్చి ఇంకో తావుకు వెళ్లడం వాళ్ల అమల్. తాటికల్లు, జీలుగు కల్లు గీసుకోవడం వాళ్ల అమల్. ఇప్పపువ్వు, వెదురు, తేనె తెచ్చుకోవడం వాళ్ల అమల్. మఫ్ఊల్ అచ్చులో పోస్తే మామూల్ అనాల్సింది దీన్నే. తడి భూమికి ‘మామూల్ వెట్’ అని ఇజ్జత్ ఇచ్చిన దఫ్తర్ ‘మామూల్ పోడు’ అని ఎన్నడూ రాయలేదు.

భద్రాచలం తాలూకా రేకపల్లి వైపు ఏం జరిగిందో చూడండి. ఆ ఊరు ఇప్పుడు వి.ఆర్.పురం మండలం వైపు ఉంది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు పోడు మీద పన్ను గొడ్డలికి నాలుగణాలు. మద్రాసు ఇలాఖాకు మారాక అది దాదాపు మూడింతలైంది, కొన్ని తావుల్లో పోడునే ఆపేశారు. అదే కాలంలో కింద రంప వైపు అక్కడి ‘మన్సబ్‌దారు’ (ఈ బిరుదు కూడా మన దఫ్తర్‌దే) కల్లు మీద పన్నులు పెంచాడు. సర్కారు కొత్త ఆబ్కారీ నియమాలు పెట్టింది. పోలీసుల జబర్దస్తీ, పై వసూళ్లు వీటికి తోడయ్యాయి. 1879 మార్చిలో రంపలో తిరుగుబాటు లేచింది. కొద్ది నెలల్లోనే రేకపల్లి దాకా పాకింది. అణచడానికి మద్రాసు నుంచి ఫౌజ్ రావాల్సి వచ్చింది. జనాన్ని పోలీసులు పీడించారన్న మాట సర్కారీ రాతల్లోనే ఉంది.

మూడేళ్లకు, 1882లో, మద్రాసు ఫారెస్ట్ చట్టం వచ్చింది. ఒక అడవిని రిజర్వు చేసేముందు నోటీసు ఇస్తారు. హక్ ఉన్నవాళ్లు గడువులోగా దావా చేసుకోవాలి. చేసుకోకపోతే ఆ హక్ రద్దు. చదువు రాని కొండరెడ్డి ఆ నోటీసు చదివి, తేదీ లెక్కపెట్టుకుని, అధికారి ముందు నిలబడి “ఇది మా మామూల్” అనాలన్నమాట. తర్వాత 1927లో వచ్చిన ఇండియన్ ఫారెస్ట్ యాక్ట్ సంగతిని ఇంకా సాఫుగా చెప్పేసింది. దాని పదో సెక్షన్ ప్రకారం పోడు హక్కు కాదు. సర్కారు ఇచ్చే సదుపాయం మాత్రమే, ఎప్పుడైనా తగ్గించవచ్చు, తీసేయవచ్చు. మద్రాసుకూ నిజాంకూ వేరే చట్టాలున్నా ఆలోచన మాత్రం అన్నిచోట్లా ఇదే.

నిజాం ఇలాఖాలో కథ వేరుగా ఉందని అనుకోవద్దు. మన బుజుర్గుల హుకూమత్ అని కళ్లు మూసుకుంటే అది తారీఖ్ కాదు. 1326 ఫస్లీ, అంటే 1916 ప్రాంతంలో వచ్చిన హైదరాబాద్ ఫారెస్ట్ చట్టం కింద ఇటువైపూ అడవులు రిజర్వయ్యాయి. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940 దశకంలో పాపికొండల దగ్గర కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చు వేశాడు. గోదావరి మీద వెదురు, కలప నడిపించే బేపారుల చేతిలో కొండరెడ్లు అప్పుల్లో ఎలా కూరుకుపోయారో అందులో రాశాడు. ఆదిలాబాద్ వైపు గోండుల నుంచి చిన్న ఉద్యోగులు గుంజుకునే తీరును కూడా ఆయన తన రాతల్లో నమోదు చేశాడు. అదే ఆదిలాబాద్‌లో 1940లో కొమురం భీమ్ షహీద్ అయ్యాడు. ఆ తర్వాతే సర్కారుకు కళ్లు తెరుచుకున్నాయి. 1356 ఫస్లీలో, అంటే 1946లో, ఆదివాసీ ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది.

ఇప్పుడు నహ్వ్ పాఠం గుర్తు చేసుకోండి. అడవిలో ఆమిల్ ఎవరు, మామూల్ ఎవరు? అధికారం ఉన్నవాడు ఆమిల్ అయ్యాడు. తరతరాల అమల్ ఉన్నవాడు అతనికి లోబడ్డ మామూల్ అయ్యాడు. ఆదివాసీ చేసుకొచ్చిన పని ‘నేరం’ అని కాగజ్‌లో ఎక్కింది. ఆ నేరాన్ని చూసీ చూడనట్టు వదిలేయడానికి గార్డు చేతిలో పెట్టే కోడి, నెయ్యి, రూపాయి ‘మామూలు’ అయింది. చట్టం గట్టిగా బిగిసినచోటే ఈ రెండో మామూలు బాగా మొలిచింది. దాన్ని పెంచింది జనం ఆదత్ కాదు. బతకడానికి చేసే ప్రతి పనికీ ఎవరో ఒకరి ఇజాజత్ కావాల్సి రావడం.

మాట ఇలా మారడానికి మధ్యలో ఒక మెట్టు ఉంది. దసరా మామూలు. పండగకు చాకలికి, పోస్ట్‌మన్‌కు, పాలేరుకు ఇంటివాళ్లు ఖుషీగా ఇచ్చేది. మన ఈదీ లాంటిది. పైనున్నవాడు కిందివాడికి ఇస్తాడు, ఏడాదికోసారి ఇస్తాడు, ఇవ్వకపోతే పని ఆగదు. అదే మామూలు ఉద్యోగి చేతిలోకి వెళ్లగానే మూడూ తిరగబడ్డాయి. కిందివాడు పైవాడికి ఇవ్వాలి. నెలనెలా ఇవ్వాలి. ఇవ్వకపోతే లోడు కదలదు.

ఇక్కడ ఉర్దూ గురించి ఒక మాట చెప్పాలి. ఉర్దూలో మామూల్‌కు లంచం అనే మానే లేదు. హస్బె మామూల్ అంటే ఎప్పటిలాగే. ఒక బుజుర్గ్ గురించి రాసేటప్పుడు ఆయన ‘మామూలాత్’ అని రాస్తారు. తహజ్జుద్‌కు ఎప్పుడు లేచేవారు, ఎంత తిలావత్ చేసేవారు, ఏ జిక్ర్ చదివేవారు, అవన్నీ మామూలాత్. లంచానికి ఉర్దూలో రిష్వత్ అనే మాట సూటిగా ఉంది. బొంబాయి వైపు దాన్ని హఫ్తా అన్నారు, ‘వారం’ అనే అమాయకమైన ఫార్సీ మాట కింద దాచారు. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే మన దక్షిణాన మామూల్ కింద దాచారు. ఖాన్‌కాహ్‌లో జిక్ర్‌కు పేరైన లఫ్జ్ నాకా దగ్గర రిష్వత్‌కు నఖాబ్ అయింది. రిష్వత్ అంటే నోరు చేదవుతుంది, చేయి వెనక్కి వస్తుంది. మామూలు అంటే ఏ చేదూ లేదు. ‘అందరూ ఇచ్చేదే, ఎప్పుడూ ఇచ్చేదే’ అన్న తసల్లీ ఆ మాటలోనే ఉంది.

దీన్ ఈ తసల్లీని ఒప్పుకుంటుందా? ఫిఖ్హ్‌లో ఉర్ఫ్‌కు, ఆదత్‌కు పెద్ద స్థానమే ఉంది. ఉస్మానీ సల్తనత్ 1876 నాటికి పూర్తిచేసిన మజల్లాలో ఆదత్ ఫైసలా చెప్పగలదన్న నియమం ఉంది. బేరసారాల్లో, మెహర్‌లో, కిరాయిల్లో ఊరి రివాజును ఖాజీ చూస్తాడు. కానీ ఉలమా దానికి ఒక హద్దు పెట్టారు. నస్స్‌కు ఎదురు నిలిచే రివాజు ఎంత పాతదైనా చెల్లదు. జుల్మ్‌కు వయసు పెరిగితే అది హక్ అయిపోదు.

ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. సహీ బుఖారీలో ఒక సంఘటన వస్తుంది. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) జకాత్ వసూలుకు ఒక మనిషిని పంపారు. ఆ మనిషిని అక్కడ పిలిచిన లఫ్జ్ ‘ఆమిల్’. మన వేరే, అ-మ-ల. అతను తిరిగొచ్చి సొమ్మును రెండు కుప్పలు చేశాడు. ఇది మీకు, ఇది నాకు హద్యాగా ఇచ్చారు అన్నాడు. ప్రవక్త మింబర్ ఎక్కి జనం ముందే దాన్ని ఖండించారు. ఆ మనిషి తన అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక అతన్ని వెతుక్కుంటూ వచ్చేదా అన్నది ఆ ఖండన సారం. ఆమిల్ చేతికి కుర్సీని చూసి వచ్చేది హద్యా కాదని పద్నాలుగు సదీల కిందటే తేలిపోయింది. మామూలు అనే మాట అప్పటికి ఆ మానేలో పుట్టలేదు. ఆ పని మాత్రం ఉంది, దాని మీద ఫైసలా కూడా అప్పుడే వచ్చింది.

ఈ కథలో మంచి మామూల్‌కు చోటు మిగిలిందా? మిగిలిందనే అనుకుంటున్నాను. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసీలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీద వాళ్ల హక్‌ను గుర్తించమంది. దఫ్తర్ నూరేళ్లకు పైగా రాయని ‘మామూల్ పోడు’ను ఒక రకంగా అప్పుడు రాసింది. 2023లో తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ కూడా జరిగింది.

అడవి అంచుల్లో ఉన్న మన ఖాందాన్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది, జాగ్రత్తగా చదవండి. ఆదివాసీలు కాని వాళ్లను ఆ చట్టం ‘ఇతర సంప్రదాయ అటవీ నివాసులు’ అంటుంది. వాళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో ఉంటూ దాని మీదే ఆధారపడినట్టు చూపాలి. లెక్క వేస్తే 1930 నుంచి. సుబూత్ అంటే సర్కారీ కాగజే కానక్కర్లేదు. 2008 నిబంధనలు పెద్దవాళ్ల మాటను, రాసి పెడితే, సుబూత్‌గా ఒప్పుకుంటాయి. అయితే ఆ పెద్దలు దావా వేసిన వాళ్లే అయి ఉండకూడదు. పాత బావులు, ఖబ్రస్తాన్లు, పవిత్ర స్థలాలు కూడా సుబూతే. మన దాదా పర్‌దాదాల ఖబర్లు మన తరఫున గవాహీ చెప్పగలవన్నమాట. ఇంట్లో బుజుర్గులుంటే వాళ్ల యాదులను ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఒక షర్త్ మాత్రం మనమే మన మీద పెట్టుకోవాలి. ఏజెన్సీలో ఆదివాసీ హక్ ముందు, మన హక్ తర్వాత. 1970 నాటి 1వ నంబర్ రెగ్యులేషన్ అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టింది. కట్టినదానికి కారణం పైన చదివిన తారీఖే. ‘అందరూ కొంటున్నారు, మామూలే’ అనుకుని బేనామీ కాగజ్ రాయించుకోవడమూ నాకా దగ్గరి మామూలూ ఒకే కోవ.

బేటీకి జవాబు మర్నాడు ఫజర్ తర్వాత చెప్పాను. రెండూ ఒకే లఫ్జ్ బేటా, కానీ ఒకే అమల్ కాదు. మనిషి రోజూ ఏం చేస్తే అది మామూలైపోతుంది. నమాజ్ చేస్తే నమాజ్, రిష్వత్ తింటే రిష్వత్. మాట మంచీ చెడూ చూసుకోదు, మనమే చూసుకోవాలి. ఆ పిల్ల కాసేపు ఆలోచించి అడిగింది: “మరి చిచ్చాది తప్పా?”

ఈ సవాల్ మొదటిదానికంటే కష్టం. తీసుకునేవాడి గునాహ్, ఇవ్వక తప్పని వాడి మజ్‌బూరీ ఒకే తూకం కాదని ఉలమా చెబుతారు. అయినా వాడికి ఫోన్ చేసి ఒకటే అడిగాను. “ఇచ్చినప్పుడు ఇచ్చావు, ఇంట్లో పిల్లల ముందు దాన్ని మామూలు అనకురా. రిష్వత్ అను.” వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “అలా అంటే ఇవ్వబుద్ధి కాదు భాయ్” అన్నాడు.

అందుకేరా అన్నాను.